పశ్చిమ గోదావరి పల్లెల్లో చూపు లెక్క

అంధత్వమంటే శుక్లమేనన్న భావన భారతదేశ నేత్రవైద్య విధానాన్ని చాలాకాలం శాసించింది. ప్రగతికి కొలమానం ప్రధానంగా శస్త్రచికిత్సల సంఖ్యే. ఈ దృక్పథాన్ని 1996-2000 మధ్య జరిగిన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనం బలంగా ప్రశ్నించింది. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ దీనిని నిర్వహించింది. హైదరాబాదు నగరంతోపాటు ఆదిలాబాదు, మహబూబ్‌నగర్, పశ్చిమ గోదావరి జిల్లాల గ్రామీణ ప్రాంతాలు ఇందులో చేరాయి. మొదటి రెండు జిల్లాలూ పేదవి. ఏలూరు కేంద్రంగా, తాడేపల్లిగూడెం వంటి వ్యాపార పట్టణాలతో, కాలువల కింది వరిసాగుతో ఉన్న నాటి పశ్చిమ గోదావరి కలిగిన పల్లెలకు ప్రతినిధి. సంస్థ స్థాపనకు భూమిని, కోటి రూపాయలను విరాళమిచ్చిన సినీ దర్శకనిర్మాత ఎల్.వి. ప్రసాద్ (1908-1994) స్వగ్రామం ఏలూరు సమీపంలోని సోమవరప్పాడు. ఇది యాదృచ్ఛికమే కావచ్చు.

మొత్తం 94 సముదాయాల్లో 10,293 మందిని పరీక్షించారు. వయోలింగ సర్దుబాటు అనంతరం అంధత్వం 1.84 శాతంగా తేలింది. అందులో శుక్లం వాటా 44 శాతం మాత్రమే. 16.3 శాతానికి కారణం వక్రీభవన దోషం, అంటే సరైన కళ్ళజోడు లేకపోవడం! నీటికాసులు, నల్లగుడ్డు వ్యాధులు తరువాతి కారణాల్లో ఉన్నాయి. శుక్లం శస్త్రచికిత్స వికటించి చూపు కోల్పోయినవారూ ఉన్నారు. శస్త్రచికిత్సల సంఖ్యనే చూసే పట్టికలో వీరు కూడా విజయాలుగానే నమోదవుతారు.