గంజిగుంతయు ఇప్పాకును

మా పెద్దవాని కైదేండ్లు నిండినవి. మొన్నటి శ్రీరామనవమి రాత్రి పానకపు గ్లాసు చేతబట్టుకొని వచ్చి, రామదాసు కథ చెప్పుమని మా ప్రక్కను కూర్చుండెను. ఖమ్మము పట్టున కాపురముండు తండ్రికి ఈ కథ చెప్పుట కష్టము గాదు. నేలకొండపల్లి మా కనతిదూరము. భద్రాద్రికి ఏటేట పోవుచునే యుందుము. కావున ధారాళముగనే చెప్పుకొనిపోయితిమి. భక్తులకు సంతర్పణము జరుగుచుండగా, అన్నము వార్చిన గంజి పట్టుటకై త్రవ్విన గుంతలో గోపన్నగారి పసివాడు ప్రాకుచు బోయి పడినాడనియు, తల్లి యా సంగతి పైకి పొక్కనీయక, అతిథులు భోజనముచేసి లేచువఱకు దుఃఖమును దిగమ్రింగినదనియు, పిమ్మట తండ్రి రాముని వేడగా బిడ్డ బ్రతికినాడనియు చెప్పితిమి. పిల్లవాడు పానకము త్రాగుట మానినాడు.

"అప్పుడు వాళ్ళ నాన్న ఎక్కడున్నాడు?"

"పూజలో ఉన్నాడు, నాయనా."

"మరి బాబును ఎవరు చూస్తున్నారు?"

ఈ ప్రశ్న మే మింతకుముం దెన్నడును విని యుండలేదు. హరికథలలో ఈ ఘట్టము వచ్చినప్పుడు కన్నీరు పెట్టుకొన్నవారిని చూచితిమి, రామనామము చేసినవారిని చూచితిమి. లేచి యిట్లడిగినవారిని చూడలేదు. వాడు నిద్రపోయినాడు. మాకు మాత్ర మా రాత్రి చాలసేపు నిద్ర పట్టలేదు.

గోపన్న చరిత్ర పాఠకు లెఱుగనిది గాదు. పదునేడవ శతాబ్దివాడు, కంచర్లవారి యింట బుట్టినవాడు. 1672లో గోలకొండ సింహాసన మెక్కిన అబుల్ హసన్ కుతుబ్ షాను మనవారు తానీషా యందురు. ఆయనకడ మంత్రాంగము నడపిన అక్కన్న మాదన్నలు గోపన్నకు మేనమామలు. వారి ప్రాపున ఇతడు పాల్వంచ పరగణాకు తహసీలుదారయ్యెను. వసూలైన శిస్తును సర్కారునకు గట్టక భద్రగిరిమీద గుడి కట్టించినాడు. ఆ సొమ్ము ఆఱులక్ష లనియు, దానికై గోలకొండ కోటలో పండ్రెండేండ్లు చెర ననుభవించె ననియు చెప్పుదురు. 1686లో అక్కన్న మాదన్నలు హతులైరి. మరుసటియేడు గోలకొండ ఔరంగజేబు వశమయ్యెను. గంజిగుంత సంగతి యీ రాజకీయచరిత్రకు సంబంధించినది గాదు. భక్తుల నోట పెరిగిన కథ. అయినను కథ లూరక పుట్టవు. ఏ జాతియైనను తాను మెచ్చుకొన్న మనుష్యుని యింటిని ఎట్లూహించుకొన్నదో ఆ కథలలో కనబడును. మనవా రూహించిన యింట తండ్రి దేవునియెదుట నున్నాడు, తల్లి పొయ్యికడ నున్నది, బిడ్డ యెవరికంటను లేడు.

రామదాసు కీర్తనలలో మిక్కిలి ప్రసిద్ధమైన దొకటి కలదు. చెరసాలలో దెబ్బలు తిని, కోపము వచ్చి, తాను చేయించిన నగల లెక్కను రామునికి అప్పజెప్పిన పాట యది. భరతునికి పచ్చలపతకము, లక్ష్మణునికి ముత్యాలపతకము, సీతమ్మకు చింతాకుపతకము, ఒక్కొక్కదానికి పట్టిన వరహాలతోసహా పద్దు. అందులో శత్రుఘ్నునికి చేయించిన బంగారు మొలతాడు కూడ నున్నది. మొలతాడన మన యిండ్లలో బిడ్డకు మొట్టమొదట చేయించు సొమ్ము. ఆ లెక్కలో గోపన్న తన కొడుకునకు చేయించిన మొలతాడు లేదు. అది సర్కారు సొమ్ము గాదు గావున లెక్కకు రాలేదని సమాధానము చెప్పుకొనవచ్చును, న్యాయమైన సమాధానమే. అయినను ఆ పాట వినునప్పుడెల్ల మా దృష్టి యిప్పు డా మొలతాటిమీదనే నిలుచుచున్నది.

రామదాసు పేర నేటికిని పాడుకొను లాలిపాటయు నున్నది. ఎన్ని యిండ్లలో ఎందఱు తల్లులు ఆ పాటతో బిడ్డలను నిద్రబుచ్చినారో లెక్క లేదు. పాట తండ్రి కట్టినాడు, పాడినవారు తల్లులు. తండ్రి తన యూయెలకడ దానిని ఒక్కనాడైనను పాడెనా యని మా సందేహము.

ఈ దోషమును గోపన్న యొక్కనిపై మోపుట మా యుద్దేశము గాదు. పెద్దలయెదుట తన బిడ్డను తా నెత్తుకొనుట మర్యాద గాదని మన కుటుంబములలో నిన్నమొన్నటివఱకు నియమముగ నుండెను. అన్నకొడుకును ఎత్తుకొనవచ్చును, అక్కకూతును ముద్దాడవచ్చును. సొంతబిడ్డ యేడ్చుచు కాళ్ళను చుట్టుకొన్నను తండ్రి యెరుగనట్లు పత్రిక చదువుకొనవలెను. మా తండ్రిగారు మమ్ము చేత నెత్తుకొన్న జ్ఞాపకము మాకు లేదు. మా పిల్లవానిని మాత్రము దించరు. ఒకనాడు వానికి గోళ్ళు తీయుచు, తలయెత్తకుండ, "మీ పిన్నతనమున నాకు సిగ్గుగ నుండెడిది" అనిరి. ఎవరి సిగ్గు, ఎవరియెదుట సిగ్గు, అని మే మడుగలేదు.

పాశ్చాత్యులయందును ఈ వింత లేకపోలేదు. బాలశిక్షణమునుగూర్చి 1762లో 'ఎమీలు' అను గ్రంథము వ్రాసి యూరపుఖండమున కంతకు పాఠము చెప్పిన రూసో, తనకు కలిగిన యైదుగురు బిడ్డలను అనాథశిశువుల ఆశ్రయమునకు పంపివేసినాడు; ఆ సంగతి ఆత్మకథలో తానే యొప్పుకొన్నాడు. బిడ్డనుగూర్చి గొప్పగ చెప్పుట వేఱు, బిడ్డకడ కూర్చుండుట వేఱు.

ఇట్లాలోచించుచుండగా, అదే గోదావరి యొడ్డున, గుడికి కొంచె మెగువను, మఱియొక తండ్రి యుండెనని మాకు జ్ఞాపకము వచ్చెను.

భద్రాచలము, రేకపల్లి తాలూకాలు 1860లో నిజామునుండి ఆంగ్లేయుల చేతికి వచ్చి, మొదట మధ్యపరగణాలలోను, 1874నుండి చెన్నపురి రాజధానిలోని గోదావరి మండలములోను చేరినవి. ఆ కాలమున దుమ్ముగూడెములో జాన్ కెయిన్ అను క్రైస్తవమతగురువు చాలకాల ముండి, కోయభాష నేర్చి, ఆ తాలూకాలనుగూర్చి 1876లోను, మరల 1879లోను 'ఇండియన్ ఆంటిక్వెరీ' పత్రికలో వ్యాసములు వ్రాసినాడు. ఆయన వ్రాసినదానిని చాలవఱకు థర్స్టన్, రంగాచారిగారలు 1909లో ప్రకటించిన కులముల గ్రంథములోనికి ఎక్కించినారు. కోయలను తన మతములోనికి త్రిప్పవలెనని వచ్చినవాడు కావున ఆయన తీర్పులన్నిటిని మేము తలదాల్చము. కాని చూచినది చూచినట్లు వ్రాసిన తావులు కలవు. అందు బిడ్డకు పేరు పెట్టు వేడుక యొకటి.

బిడ్డ పుట్టిన యేడవనాడు స్నానము చేయించి మంచముమీద పరుండబెట్టుదురు. చుట్టాలు, ఇరుగుపొరుగువారు చుట్టును చేరుదురు. బిడ్డచేతిలో ఒక ఇప్పాకు నుంచి, తమకు తోచిన పేరొకటి పలుకుదురు. బిడ్డ పిడికిలి మూసి ఆకును పట్టుకొనెనా, ఆ పేరునకు సమ్మతించినట్లు. ఆకును విడిచెనా, ఏడ్చెనా, పేరు నచ్చలేదన్నమాట. అప్పు డా యాకును పారవేసి, క్రొత్త యాకు, క్రొత్త పేరు. బిడ్డ యొప్పుకొనువఱకు ఇట్లే జరుగును. కుదిరిన పేరు అచ్చటనున్నవారిలో ఎవరిదైన నైనచో, ఆ పేరుగలవారు సంతోషముతో బిడ్డచేతిలో చిన్న నాణె ముంచుదురు. లేనిచో ఆ నాణెమును తండ్రి యుంచవలెను. రాత్రి యెల్ల ఆటలు పాటలు. మరునాడు తండ్రి తన శక్తికొలది విందు చేయును. తన కాలముననే చాలమంది ఈ తంతును విడిచి క్లుప్తముగ పేరు పెట్టుకొనుచుండిరని కెయిన్ వ్రాసినాడు.

దీనిని మన బారసాలతో పోల్చి చూడుడు. పళ్ళెములో బియ్యము పోసి, బంగారుటుంగరముతో తండ్రి పేరు వ్రాయును. బిడ్డ చెవిలో చెప్పును. ఆ పేరు నక్షత్రమునుబట్టి పురోహితుడు చెప్పినది, లేదా తాతగారిది. బిడ్డకు అందు తెలుపబడుటయే కాని అడుగబడుట లేదు. వైద్యు లొకమాట చెప్పుదురు: పసికందు అరచేతిలో ఏ వస్తువు నుంచినను, కొన్ని నెలలవఱకు, పిడికిలి తనంత మూసికొనును, అది యిచ్ఛ గాదు, శరీరస్వభావము. కావున ఇప్పాకు పరీక్షలో చాలమంది బిడ్డలు మొదటిపేరుతోనే తేలియుందురని మేము నమ్ముదుము. అది నిజమే యైనను ఆ వేడుక విలువ తగ్గదు. ఎందుకనగా, బిడ్డ యొప్పుకొనెనా లేదా యని తెలిసికొనుటకు ఆ యింటి పెద్దలందఱు, తండ్రితోసహా, వంగి ఆ పిడికిలివంక, ఆ మొగమువంక చూడక తప్పదు. గంజిగుంత కథలో లేనిది ఆ చూపే.

కెయిన్ వ్రాసిన మఱియొక సంగతి చెప్పుటకు మనసు రాదు గాని, చెప్పవలెను. పుట్టి నెల నిండకుండ బిడ్డ పోయినచో, ఊరివెలుపల గాక ఇంటిచెంతనే, చూరునీళ్ళు పడుచోట పాతిపెట్టెడివారట. వానకు చూరునుండి జారిన నీరు ఆ మట్టిమీద పడిన, ఆ తల్లిదండ్రులకు మరల సంతానము కలుగునని వారి విశ్వాసము. మనవారిలోను పసిబిడ్డను పాడెమీద గాక చేతులమీదనే గొనిపోవుదురు. కాని ఊరికి దూరముగ గొనిపోయి, వచ్చి, మరల ఆ పేరెత్తరు. ఏడువవలదు, ఇంకొకరు పుట్టుదురులే, అని తల్లికి చెప్పుదురు; తండ్రికి ఎవరును ఏమియు చెప్పరు. ఆ కోయతండ్రి ప్రతి వానకాలమును గుమ్మములో నిలుచుండి చూరునీళ్ళు పడుట చూచియుండును. ఆ విశ్వాసము శాస్త్రసమ్మతము గాదు. అయినను ఆ చోటు ఎంచుకొనుటలో మా హృదయమునకు తగులున దేదో యున్నది.

అడవిలోని కాపురము స్వర్గమని మేము చెప్పుట లేదు. చలిజ్వరములు, కరవులు, అప్పులిచ్చి పంటను కొనిపోవు షావుకారులు, పోడునకు అడ్డము వచ్చిన ప్రభుత్వములు, 1879లో రేకపల్లివఱకు ప్రాకిన రంపపితూరీ, ఇవన్నియు ఆ గుడిసెల చరిత్రయే. ఇటీవలి కాలమున మఱియొకటి వచ్చినది. బిడ్డకు ఎనిమిదితొమ్మిదేండ్లు రాగానే ఆశ్రమపాఠశాలలో చేర్చవలెను. అక్కడ తిండి కలదు, చదువు కలదు, వలదనుట తప్పు. కాని పేరు పెట్టునాడు బిడ్డ సమ్మతి నడిగిన తండ్రి, పండుగపండుగకు మాత్రము బిడ్డను చూచు తండ్రి యగుచున్నాడు. బిడ్డ పలుకు పలుకు ఆ పంతులునకు తెలియని యెడల తొలియేడు మూగతనముతోనే గడచును. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2004 ప్రాంతమున కోయ మొదలగు ఎనిమిది గిరిజనభాషలలో వాచకములు వేయించి, చిన్నతరగతులలో ఇంటిభాషతో చదువు మొదలిడినారు. మంచిపని. అట్టి వాచకము బడిలో నెంత యవసరమో, నెలకొకమారైనను తండ్రి వచ్చి కూర్చుండుటకు ఆ బడిలో ఒక అరు గుండుటయు నంత యవసరమని మా కనిపించును.

గోపన్నకు మరల వత్తము. కథ ప్రకారము గంజిగుంత ముందు, చెర తరువాత. అనగా, గుంతనుండి బిడ్డ తండ్రికి దక్కినాడు; పిమ్మట పండ్రెండేండ్లు తండ్రి బిడ్డకు దక్కలేదు. ఆ పండ్రెండేండ్లలో పసివాని కెన్ని మాటలు వచ్చియుండును, ఎన్ని పండ్లూడియుండును! తల్లి యొంటరిగ ఎట్లు పెంచెనో! రామలక్ష్మణులు తానీషాకు సొమ్ము చెల్లించి చీటి వ్రాయించుకొన్నారని చెప్పిన భక్తులు, గోపన్న యిల్లు చేరినప్పుడు కొడుకు ఆయనను గుర్తుపట్టెనో లేదో చెప్పలేదు. మాకు మాత్రము ఆ ఘట్టమే వినవలెనని యున్నది.

నవమి యైన మూడువారములకు మా యింట ఆడుబిడ్డ పుట్టినది. బారసాల యిరువదియొకటవనాడు. పురోహితుడు అక్షరము చెప్పినాడు, మా తండ్రిగారు పేరు నిశ్చయించినారు, మేము బియ్యములో వ్రాసితిమి. పిమ్మట, ముందునా డొక మిత్రుడు పాల్వంచ దారిని వచ్చుచు తెచ్చి యిచ్చిన ఇప్పాకును తీసి బిడ్డ చేతిలో నుంచి, ఆ పేరు పిలిచితిమి. మా తండ్రిగారు ఇదేమి వేషమన్నట్లు చూచిరి గాని, తామును కండ్లజోడు సవరించుకొని వంగినారు. బిడ్డ పట్టుకొనెను. అందఱును నవ్విరి.

పెద్దవాడు నవ్వలేదు. "నాకు పెట్టినారా ఆకు?" అనెను.

"లేదు, నాయనా. అప్పుడు మాకు తెలియదు."

వాడు చేయి చాచినాడు. ఇంకొక యాకు తీసి అరచేతిలో నుంచి, వాని పేరు పిలిచితిమి. పిడికిలి మూయలేదు, తెఱచియు పాఱవేయలేదు. ఆకువంక కొంతసేపు చూచి, "ఆలోచించి చెప్తాను" అని దానిని పట్టుకొని పెరటిలోనికి పోయినాడు. మేము వెనుకనే పోయితిమి. పందిరివెనుక వంటవాండ్రు అప్పుడే గంజి వార్చుచుండిరి.