ముఖం చూపించే ధర: ఎవెరార్దో గొన్సాలెస్ డాక్యుమెంటరీల్లో సాక్షి, ముసుగు

మెక్సికో స్వతంత్ర డాక్యుమెంటరీ చర్చల్లో ఎవెరార్దో గొన్సాలెస్ పేరు వచ్చిందంటే వెంటనే గుర్తుకొచ్చేది 2017లో వచ్చిన ‘లా లిబెర్తాద్ దెల్ ద్యాబ్లో’. తెలుగులో చెప్పుకుంటే, దయ్యానికున్న స్వేచ్ఛ. అందులో బాధితులు, కిరాయి హంతకులు, సైనికులు అందరూ ఒకే రకం ముసుగు తొడుక్కుని మాట్లాడతారు. ఆ ఏడాది బెర్లిన్ చిత్రోత్సవంలో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ బహుమతి అందుకున్న ఈ చిత్రంలోని ముసుగును దర్శకుడి గడుసు ఎత్తుగడగా మెచ్చుకుని ఊరుకోవడం తేలిక. కానీ 2003 నుంచి 2023 దాకా ఆయన తీసిన సినిమాలను వరసగా చూస్తే మరో సంగతి బయటపడుతుంది. ఆ ఇరవై ఏళ్లలో మనిషి ముఖం మెల్లమెల్లగా తెర మీంచి తప్పుకుంటూ వచ్చింది. మెక్సికోలో నోరు విప్పి నిజం చెప్పినవాడు చెల్లించాల్సిన ధర ఎలా పెరిగిందో ఆ తప్పుకోవడంలోనే నమోదైంది. ఈ వ్యాసం నిరూపించదలచింది అదే.

1971లో పుట్టి, మెక్సికో నగరంలోని సి.సి.సి. అనే సినిమా బడిలో చదివిన గొన్సాలెస్ 2003లో ‘లా కాన్సియోన్ దెల్ పుల్కే’ తీశాడు. పుల్కే అంటే కిత్తనార జాతి మొక్క మాగేయ్ గుండెలోంచి ఊరే తియ్యటి రసాన్ని పులియబెట్టిన తెల్లటి పానీయం, మన కల్లుకు దూరపు చుట్టం. నగరంలోని ‘లా పిరాతా’ అనే పుల్కే దుకాణంలో చేరి తాగేవాళ్లు, పాడేవాళ్లు కెమెరాకు అడుగు దూరంలో ఉంటారు. ఎర్రబడ్డ కళ్లు, ముడతలు, తడి మీసాలు అన్నీ కనబడతాయి. 2007 నాటి ‘లోస్ లద్రోనెస్ వియెహోస్’ మరీ విడ్డూరం. అందులో 1960, 70ల నాటి పేరుమోసిన దొంగలు తమ వృత్తి నీతిని, పోలీసులతో తమకున్న ఇచ్చిపుచ్చుకోవడాలను నింపాదిగా చెప్పుకుంటారు. మాజీ అధ్యక్షుడు లూయీస్ ఎచెవెర్రియా ఇంటికే కన్నం వేసిన ‘ఎల్ కారిసోస్’ కూడా వాళ్లలో ఉన్నాడు. దొంగ తన ముఖాన్ని, పేరును బాహాటంగా, కాస్త గర్వంగా కూడా చూపించాడు. తనను పట్టుకునే పోలీసుకూ తనకూ మధ్య ఏవో కట్టుబాట్లు ఉన్నాయన్న నమ్మకమే అతనికా ధైర్యం ఇచ్చింది. దొంగల పరిభాష నుంచి ఈ సినిమా ఉపశీర్షికకు ఎక్కిన ‘ఆర్తెహియో’ అనే మాటనే తర్వాత గొన్సాలెస్ తన నిర్మాణ సంస్థకూ పెట్టుకున్నాడు. 2011లో వచ్చిన ‘క్వాతెస్ దె ఆస్త్రాలియా’లో కొవావిలా రాష్ట్రపు పశువుల కాపర్లు ఏటా కరువుకు ఊరు వదిలి నీళ్లు వెతుక్కుంటూ పోతారు. వాళ్ల ముఖాలూ దాచాల్సిన పని పడలేదు. కరువు ప్రాణం తీస్తుందేమో గానీ సాక్ష్యం చెప్పినందుకు పగబట్టదు.

ఈలోపు దేశం మారింది. 2006 డిసెంబరులో అధ్యక్షుడు ఫెలీపె కల్దెరోన్ మాదకద్రవ్యాల ముఠాల మీదికి సైన్యాన్ని పంపాడు. అది మొదలు హత్యలు, అపహరణలు పెరిగిపోయి, 2022 మే నాటికి ప్రభుత్వ జాబితాలోనే అదృశ్యమైనవారి సంఖ్య 1,00,000 దాటింది. గొన్సాలెస్ చిత్రాల్లో ఈ మార్పు మొదట 2015 నాటి ‘ఎల్ పాసో’లో తగులుతుంది. ప్రాణభయంతో అమెరికాలోకి వెళ్లి ఆశ్రయం కోరుతున్న మెక్సికన్ పాత్రికేయుల కథ అది. వాళ్ల ముఖాలు తెర మీద స్పష్టంగానే ఉన్నాయి, అయితే సరిహద్దు దాటాకే. ఈ సంగతి నా వాదనకు కీలకం. ముఖానికి కూడా ఒక భూగోళం ఏర్పడింది. సరిహద్దు నదికి అవతల చూపించగలిగిన ముఖాన్ని ఇవతల చూపించలేని రోజులొచ్చాయి.

రెండేళ్ల తర్వాత ‘లా లిబెర్తాద్ దెల్ ద్యాబ్లో’లో వచ్చిన ముసుగును దగ్గరగా చూడాలి. అది ఒంటి రంగు గుడ్డ. కళ్లకు, ముక్కుకు, నోటికి మాత్రం కంతలుంటాయి. కాలిన గాయాలైనవాళ్లకు మానుతున్న చర్మాన్ని అదిమి ఉంచడానికి ఆస్పత్రుల్లో తొడిగే బాపతు. మాట్లాడేవాళ్లు మన కళ్లలోకే చూస్తున్నట్టు ఉంటుంది. ఏడ్చినప్పుడు కన్నీళ్లు చెంప మీంచి జారిపోవు, గుడ్డలో ఇంకి తడి మరకై నిలుస్తాయి. మెక్సికో, ముసుగు అనగానే ఆక్తావియో పాస్ 1950లో ‘ఎల్ లబెరింతో దె లా సోలెదాద్’లో మెక్సికన్ ముసుగుల మీద రాసిన అధ్యాయాన్నో, మల్లయోధుల ముసుగులనో, 1994లో చియాపాస్‌లో తిరగబడిన జపతిస్తాల ఉన్ని టోపీలనో తెచ్చి ముడిపెట్టడం పండితులకు సరదా. నాకిది తొందరపాటుగా తోస్తుంది. మల్లయోధుడు, తిరుగుబాటుదారుడు తామై ముసుగు ఎంచుకున్నారు, దాంతో కొత్త రూపం తెచ్చుకున్నారు. గొన్సాలెస్ ముసుగుకు జాతరతో గానీ యుద్ధంతో గానీ సంబంధం లేదు, ఆస్పత్రితో ఉంది. దాని కింద ఇంకా మానని గాయం ఉందని ఆ గుడ్డే చెబుతోంది.

ఈ ముసుగు మీద వచ్చే అభ్యంతరాల్లో బలమైనది నైతికమైనది. బిడ్డను పోగొట్టుకున్న తల్లికీ, డబ్బుకు చంపినవాడికీ ఒకే ముసుగు తొడిగితే పాపభారం సమంగా పంచినట్టు కాదా? కాదనే నా అభిప్రాయం. ముఖం కనబడగానే ఒంటి రంగు, వయసు, తరగతి చూసి మనం లోలోపల తీర్పు ఇచ్చేస్తాం. ముసుగు ఆ తీర్పును కాసేపు ఆపుతుంది. ఎవరు ఏం చేశారో మాటల్లోంచే తెలుసుకోక తప్పదు. ఆ మాటలు మాత్రం నేరాన్ని ఎక్కడా కలగాపులగం చేయవు. ఇంతకన్నా లోతైన చిక్కు ఇంకొకటుంది. అదృశ్యమైనవారి కుటుంబాలు మెక్సికో వీధుల్లో ఊరేగేది ఫొటోలు పట్టుకునే. ముఖం చూడండి, గుర్తుపట్టండి అన్నదే వాళ్ల పోరాటమంతా. అలాంటప్పుడు ముఖాలను చెరిపేసే సినిమా వాళ్లకు ఎదురు నిలవడం లేదా? ఇందులో కొంత నిజం ఉందని ఒప్పుకోవాలి. అయినా, ఫొటోలోని ముఖం కనబడకుండా పోయినవాడిది, ముసుగు వెనక ముఖం ఇంకా బతికున్నవాడిది. ఒకరిని వెతకడానికి చూపించాలి, రెండోవాళ్లను చూపిస్తే రేపు వాళ్ల కోసం వెతకాల్సి రావచ్చు.

ఇదంతా కేవలం భద్రత కోసమని, అందులో కళను వెతకడం అతి తెలివని అనేవాళ్లూ ఉంటారు. భద్రతే ముఖ్యమైతే టీవీ వార్తల్లోలా ముఖం మసకబరిస్తే సరిపోయేది. మసకలో కళ్లు పోతాయి. గొన్సాలెస్ కళ్లను వదులుకోలేదు. ఆయన 2018లో తీసిన ‘ఎ త్రీ మినిట్ హగ్’ను నా వాదనకు అడ్డు పెట్టవచ్చు. హువారెస్, ఎల్ పాసో నగరాల నడుమ సరిహద్దు నదిలో, విడిపోయిన కుటుంబాలు మూడు నిమిషాలు కావిలించుకోవడానికి అనుమతి దొరికిన రోజు కథ అది. ముఖాలకు కొదవలేదు. అయితే వాళ్లెవరూ ఎవరి మీదా సాక్ష్యం చెప్పడం లేదు. సాక్ష్యం మళ్లీ తెర మీదికి వచ్చేసరికి, 2023 నాటి ‘ఉనా హౌరియా యామాదా ఎర్నెస్తో’లో, ఆ కళ్లు కూడా దక్కలేదు. ముఠాల చేతుల్లో తుపాకులు పట్టిన కుర్రాళ్ల గొంతులన్నీ ఎర్నెస్తో అనే ఒక్క పేరు కింద వినిపిస్తాయి. కెమెరా వాళ్ల వీపు వెనకే నడుస్తుంది. తెర మధ్యలో నల్లటి జుట్టు, మెడ, దానికి అటూ ఇటూ ఊగే వీధులు. కుర్రాడు మాట్లాడుతూ నడుస్తూనే ఉంటాడు, ఇటు తిరగడు.