తుపాకీ ఒకరిది, ఉరిశిక్ష ఇంకొకరికి

1943 ఆగస్టు 25. సింధు నదిలో పడవ మీద ఉన్నారు మీరు. తెల్లారకముందే బయల్దేరి రెల్లు కోసుకుని తిరిగొస్తున్నారు. 16 మోపుల దాకా ఉంటుంది. ఏటికి ఎదురు కాబట్టి పడవను తాడు కట్టి లాగుతున్నారు.

"మా నేలలో కోయొద్దు" అని ఒడ్డున స్నానం చేస్తున్న ఆసామి పొద్దున్నే చెప్పాడు. మీవాళ్ళు వినలేదు. ఇప్పుడు వాళ్ళింటి ఖాసిం షా గట్టు మీద నిలబడి మోపులు ఇచ్చేయమంటున్నాడు. మీవాళ్ళలో ఒకడైన అల్లాదాద్ కుదరదన్నాడు. ఖాసిం తాడు పట్టుకు గుంజాడు, నెట్టాడు, చేతికర్ర ఎత్తి కొట్టాడు. ఆ దెబ్బ తాడు మీద పడింది. అల్లాదాద్ పడవ నడిపే వెదురుగడ అందుకుని ఒక్కటిచ్చాడు. ఖాసిం సాయం కోసం కేకేశాడు.

ఆ కేకకు ఇద్దరు వచ్చారు, తుపాకులతో. వలీ షా, 19 ఏళ్ళ మహబూబ్ షా. పారిపోబోతున్న మీవాళ్ళకు అడ్డం నిలిచారు. వలీ పేల్చాడు. అల్లాదాద్ అక్కడికక్కడే ప్రాణం విడిచాడు. మహబూబ్ పేల్చింది మీవాళ్ళలో ఇంకొకడైన హమీదుల్లాకు తగిలింది. అతను గాయాలతో బతికాడు.

వలీ పరారయ్యాడు. మహబూబ్ దొరికాడు. తన తూటాకు శిక్ష పడటం న్యాయమే. కానీ లాహోర్ హైకోర్టు వలీ చేసిన హత్యనూ అతని మెడకే చుట్టి, ఉరి వేయమంది. ఆధారం ఐపీసీ సెక్షన్ 34: అందరూ పంచుకున్న ఉద్దేశంతో చేసిన నేరానికి ప్రతి ఒక్కరూ తానొక్కడే చేసినట్టు బాధ్యుడు.

ఈ సెక్షన్ అవసరమే. 1923లో కలకత్తాలో దోపిడీకి వచ్చినవాళ్ళు పోస్టుమాస్టర్‌ను కాల్చి చంపిన కేసులో, తాను బయటే నిలబడ్డానన్న బరేంద్ర కుమార్ ఘోష్ మాట చెల్లలేదు. అంతా కలిసే బయల్దేరారు కదా! మరి సింధు ఒడ్డున ముందే అనుకున్నది ఏముంది?

ఈ ప్రశ్న ఇవాళ్టిది కూడా. 2024 జులై 1 నుంచి సెక్షన్ 34 భారతీయ న్యాయ సంహితలో 3(5) అయింది. ఊళ్ళో తగాదా జరిగితే మొదటి నిందితుడి (ఏ1) వెనక అన్నదమ్ములు, బావమరుదులు వరసగా ఎఫ్ఐఆర్‌లోకి ఎక్కుతూనే ఉన్నారు. "అక్కడే ఉన్నాడు" అన్న ఒక్క ముక్కతో మనిషిని ఏళ్ళ తరబడి వాయిదాల చుట్టూ తిప్పడం నాకు అన్యాయంగానే తోస్తుంది. ఎప్పుడు ఒక్కమాట మీదికొచ్చారో, దానికి రుజువేమిటో చూపాలి. అప్పటికప్పుడు అనుకున్నా సరే, అనుకున్నట్టు తేలాలి.

1945లో, అప్పటి అత్యున్నత అప్పీలు కోర్టు ప్రివీ కౌన్సిల్ మహబూబ్ కేసులో అడిగింది అదే. ఇద్దరూ ఖాసింను కాపాడాలనే వచ్చి ఉండొచ్చు, ఇద్దరి ఉద్దేశమూ ఒకేలా ఉండొచ్చు. అయినా చంపాలని కలిసి అనుకున్నారనడానికి సాక్ష్యం లేదంటూ మహబూబ్ మీది హత్యానేరాన్ని, ఉరిశిక్షను కొట్టేసింది.