పల్నాటి బాటలో ఉమ్మడి బండి

తెల్లవారుజామున నరసరావుపేట నుండి గుంటూరు పోవు బాట ప్రక్కన కొంతసేపు నిలిచి చూచినచో రెండు విధములైన బండ్లు కనబడును. ఐదుగురు కూర్చుండదగిన కార్లు అనేకము ఒక్కొక్క మనిషినే మోసికొని పోవుచుండును. అదే వేళకు మిరపకోతలకు పోవు కూలీల ఆటోలు ముగ్గురు కూర్చుండవలసిన తావున పదిమందిని, పదునైదుగురిని ఎక్కించుకొని పోవుచుండును. ఒక బండిలో చోటు వృథా యగుచున్నది. మరొకదానిలో ప్రాణములకే చోటు చాలకున్నది.

ఒకే దిక్కునకు ప్రతిదినము పోవువారు నలుగురు కలసి, ఒకరి కారులో పోయి, ఖర్చును పంచుకొనుటకు ఉమ్మడి ప్రయాణము అని పేరు పెట్టుకొందము. ఇది నిన్న మొన్న నగరములలో పుట్టిన ఊహ యని పలువురు తలంతురు. కాని బండిని పంచుకొనుట మన సీమకు క్రొత్త కాదు. దాని కథను మొదటి నుండి పరిశీలించినచో, అది ఎప్పుడు మేలు చేసినదో, ఎప్పుడు కీడు చేసినదో కూడ తెలియగలదు.

కృష్ణానది ఉత్తరపు హద్దున పారుచున్నను, సాగరు కాలువ రాకముందు పల్నాడు ప్రధానముగా మెట్టసీమయే. ఇక్కడి జొన్నకూటిని, నీటి ఎద్దడిని గూర్చి శ్రీనాథుని పేర చాటువులు నేటికిని ప్రచారములో ఉన్నవి. రాతినేల; బాటలు తక్కువ. అట్టి కాలమున సముద్రతీరపు ఉప్పు లోపలి సీమలకు చేరవలెనన్న పెరికె ఎద్దుల బిడారులే దిక్కు. మాచెర్ల, దుర్గి ప్రాంతములందు నేడు తండాలలో నివసించు లంబాడీల పూర్వులు ఇట్టి బిడారులను నడపిన జాతివారే. ఒక్క ఎద్దును తోలుకొని అడవిబాటను పోవుటకు ఎవరును సాహసింపరు. పలువురు కలసి బయలుదేరినచో కావలి ఖర్చు పంచబడును, దొంగల భయము తగ్గును. అందరును ఒక్క వేళకే కదలవలెననుట బిడారుకు మొదటి నియమము.

పిమ్మట ఎద్దుబండ్ల కాలము వచ్చెను. బండి గల రైతు సంతకు పోవునప్పుడు ఇరుగుపొరుగు వారి బస్తా ఒకటి, ముసలివారు ఒకరిద్దరు ఆ బండిలో ఎక్కుట ఊరి మర్యాద. నేడు నీ బండి, రేపు నా బండి అన్న బదులు పద్ధతి సేద్యములోవలెనే ప్రయాణములోను ఉండెను. మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకు పోవు బండ్ల వరుసను చూచిన పెద్దలకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. ఒక బండిలో రెండు మూడు ఇండ్లవారు కూర్చుండెడివారు. అయితే ఎద్దుల శక్తి ఎంతయో తోలువానికి తెలియును. దానిని మించి ఎక్కించినచో ఎద్దు మొండికెత్తును. ఆ కాలపు బండికి హద్దు ఎద్దే చెప్పెడిది. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకొన గోరెదము.

మర్యాద మీద నడచు ఈ పంపకమును, ఎవరికైన తెలిసిన నియమముగా మార్చిన వారిలో మొదటివాడు ఒక గణితశాస్త్రజ్ఞుడనిన ఆశ్చర్యము కలుగవచ్చును. సంభావ్యతా గణితమునకు పునాది వేసిన పాస్కల్ పండితుని పూనికపై 1662వ సంవత్సరము మార్చి నెలలో ప్యారిస్ నగరమున ఉమ్మడి గుఱ్ఱపుబండ్లు నడువ నారంభించెను. ఒక్కొక్క బండిలో ఎనిమిదిమందికి చోటు. బాట ముందే నిర్ణయము. వేళ ముందే నిర్ణయము. ఎవరెక్కినను ఐదు సూల బాడుగయే. బండి నిండినను నిండకున్నను వేళకు కదలవలసినదే. ప్రజలు మొదట ఎగబడిరి. కాని ప్యారిస్ న్యాయసభ సిపాయిలను, సేవకులను, కాయకష్టము చేయువారిని ఆ బండ్లు ఎక్కరాదని కట్టడి చేసెను. కొన్ని ఏండ్లకే ఆ బండ్లు మూలబడెను. వేళ, బాడుగ సరిగా ఏర్పరచినను, అందరికి చోటీయని ఉమ్మడి ఎక్కువ కాలము నిలువదని దీనివలన గ్రహింపవచ్చును.

పల్నాటికి అందరును ఎక్కదగిన బండి రైలు రూపమున వచ్చెను. బ్రిటిషు పాలనలోనే గుంటూరు నుండి సత్తెనపల్లి, పిడుగురాళ్ళ, నడికుడి, గురజాల మీదుగా మాచెర్లకు మీటరుగేజి దారి పడెను. నరసరావుపేట, వినుకొండలు నంద్యాల వైపు పోవు మరియొక దారి మీద నుండెను. రైలు దిగినవారు ఊళ్ళకు చేరుటకు జట్కాలు, ఆ పిమ్మట మోటారు బస్సులు వచ్చెను. ఈ లోపల అమెరికాలో ఒక వింత జరిగెను. 1914లో లాస్ ఏంజెలిస్ నగరమున కొందరు తమ కార్లలో దారినపోవు వారిని ఎక్కించుకొని ఐదు సెంట్లు పుచ్చుకొన నారంభించిరి. ఏడాది తిరుగకముందే ఆ ఆచారము దేశమెల్ల వ్యాపించెను. ట్రాము కంపెనీలు గగ్గోలు పెట్టగా నగరపాలకులు కఠినమైన నిబంధనలు విధించిరి. ఆ బండ్లు చాలవరకు అదృశ్యమయ్యెను. నేటి షేరు ఆటోకు ఆ కార్లు అన్నదమ్ముల వంటివి.

ఉమ్మడి ప్రయాణము దేశరక్షణతో ముడివడినది రెండవ ప్రపంచ యుద్ధములో. 1942 తొలి నెలలలో మలయా, డచ్చి ఈస్టిండీసు దీవులు జపాను వశమయ్యెను. అమెరికా దిగుమతి చేసికొను రబ్బరులో 10 పాళ్ళకు 9 పాళ్ళు ఆ ప్రాంతమునుండియే వచ్చెడిది. టైర్లు లేనిచో పెట్రోలు ఉండియు ఫలము లేదు. కావున ఆ ప్రభుత్వము పెట్రోలుకు రేషను పెట్టి, పనికి పోవువారు సంఘములుగా ఏర్పడి కార్లను పంచుకొనవలెనని ఊరూర ప్రచారము చేసెను. కారులో ఒంటరిగా పోవుట శత్రువునకు సాయపడుటయే యని గోడపత్రికలు వేసిరి. మన తీరమునకును ఆ వేడి తగిలెను. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్టణము, కాకినాడల మీద బాంబులు పడెను. ఇక్కడను పెట్రోలు కరవై బస్సులకు బొగ్గు పొయ్యిలు అమర్చిరి. చాలినంత గాలి లేకుండ బొగ్గును మండించినపుడు పుట్టు వాయువే ఇంజనులో ఇంధనము. పెట్రోలు ఇచ్చు బలమును అది ఈయలేదు. ఆ బస్సులో ప్రయాణించినవారు ఇంధనపు విలువను పుస్తకము చదువకయే తెలిసికొనిరి.

యుద్ధానంతరము మన సీమ ముఖమే మారెను. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరునకు పునాదిరాయి పడినది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడి, కాలక్రమమున కోస్తా జిల్లాలలోను బస్సులు నడపెను. 1967 ఆగస్టు 4న సాగరు కాలువలకు నీరు వదలబడెను. కుడికాలువ క్రింద జొన్నచేల తావున వరి, ప్రత్తి, మిరప వచ్చినవి. పంటతోపాటు పనియు, పనితోపాటు రాకపోకలును పెరిగినవి. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రముగా పల్నాడు జిల్లా ఏర్పడుటతో మాచెర్ల, గురజాలల నుండి కచేరీ పనులకు ప్రయాణము ఆ దిక్కునకు మరలినది.

1973లో అరబ్బు దేశములు చమురు ఎగుమతిని బిగించినపుడు యుద్ధకాలపు పాఠము లోకమునకు మరల జ్ఞప్తికి వచ్చెను. అమెరికాలోని త్రీ-ఎం సంస్థ ఆ సంవత్సరముననే తన ఉద్యోగులకు ఉమ్మడి వాన్లు ఏర్పాటు చేసెను. వాషింగ్టను నగరమునకు పోవు షర్లీ రాజమార్గమున బస్సులకై విడిగా ఉంచిన వరుసలోనికి, నలుగురు ఎక్కిన కార్లను ఆ డిసెంబరులో అనుమతించిరి. నలుగురు కలసి వచ్చినవారు ముందు చేరుదురు. ఒంటరిగా వచ్చినవారు వెనుకబడుదురు. ఇంతకంటె తేలికైన బోధన వేరొకటి లేదు.

ఇక లెక్క చూతము. ఒక చిన్న కారు బరువు సుమారు 1000 కిలోలు. మనిషి బరువు 60 కిలోలు అనుకొందము. ఒక్కడే పోవునపుడు కదలు బరువులో మనిషి పాలు నూటికి 6 మాత్రమే. తక్కిన 94 పాళ్ళు ఇనుము. నలుగురు ఎక్కినచో మనుష్యుల పాలు నూటికి 19 అగును. ఇంధనపు ఖర్చు కొంచెమే పెరుగును. నరసరావుపేట నుండి గుంటూరునకు సుమారు 45 కిలోమీటర్లు. పోయి వచ్చుటకు 90. లీటరుకు 15 కిలోమీటర్లు నడచు కారుకు దినమునకు 6 లీటర్లు, నెలకు 25 పనిదినములకు 150 లీటర్లు కావలెను. నలుగురు నాలుగు కార్లలో పోయినచో 600 లీటర్లు. ఒక్క కారులో పోయినచో 150కి కొంచెము ఎక్కువ. మిగులు సుమారు 450 లీటర్లు.

ఈ మిగులు జేబుకే కాదు, గాలికి కూడ. ఒక లీటరు పెట్రోలు ముప్పాతిక కిలో తూగును. కాని అది మండినపుడు సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు పుట్టును. ముప్పాతిక కిలో నుండి రెండుంబాతిక కిలోలకు మించి ఎట్లు వచ్చెనని అడుగవచ్చును. పెట్రోలులోని ప్రతి 12 పాళ్ళ కర్బనము గాలిలోని 32 పాళ్ళ ఆమ్లజనితో కూడి 44 పాళ్ళ వాయువగును. అధికముగా కనబడు బరువు గాలి ఇచ్చినదే. 450 లీటర్లు మిగిలినచో నెలకు ఒక టన్ను బొగ్గుపులుసు వాయువు గాలిలో కలియకుండ ఆగినట్లే.

మరి చోటు పంచుకొనుట ఇంత మంచిదైనచో ఎంతమందిని ఎక్కించిన అంత మేలు కాదా? కాదు. 2023 మే నెలలో దాచేపల్లి మండలము పొందుగుల వద్ద లారీ ఢీకొని ఆటోలోని మహిళా కూలీలు పలువురు మరణించిరి. నల్లగొండ జిల్లా నుండి మిరపకోతలకు వచ్చుచున్న ఆ ఒక్క ఆటోలో 20 మందికి పైగా ఉండిరి. ఆటో సొంత బరువు 400, 500 కిలోలు. ముగ్గురు ప్రయాణికులతో 700 కిలోలకు లోపుగా ఉండు బండిని ఆపవలసిన బ్రేకు, 20 మంది ఎక్కినపుడు 1500 కిలోలకు మించిన బరువును ఆపవలెను. వేగము అంతే అయినను ఆపవలసిన శక్తి బరువుతో పాటు పెరుగును. బరువు పైకి పెరిగిన కొలది మూడు చక్రముల బండి తేలికగా ఒరుగును. ఇచ్చట తప్పు కూలీలదని చెప్పుట అన్యాయము. కూలి డబ్బులో బాడుగ పోగా మిగులునది లెక్కించుకొనియే వారు ఇరుకున కూర్చుందురు. ఎద్దుబండికి ఎద్దు హద్దు చెప్పెడిది, ఇంజను మొండికెత్తదు. కావున ఆ హద్దును మనుష్యులే పెట్టుకొనవలెను.

దీనికి మందు ఉమ్మడిని విడుచుట కాదు, పెద్దది చేయుట. పొరుగు చేల రైతులు నలుగురు కలసి, తమ కూలీలందరికి చాలునట్టి మినీబస్సును బాడుగకు మాట్లాడుకొని ఖర్చును తాము పంచుకొనవచ్చును. అదియు కుదరనిచో బండిని రెండు మారులు త్రిప్పవచ్చును. ఆ ఖర్చు పంట ఖర్చులో ఒక పాలుగా లెక్కింపదగినది.

ఉద్యోగులు, వర్తకులు కారు పంచుకొనునపుడును కొన్ని ఒడంబడికలు అవసరము. బయలుదేరు వేళ, వేచియుండు గడువు ముందే అనుకొనవలెను. పెట్రోలు, టోలు రుసుము నెల చివర పంచుకొనవలెను. లేదా వారమునకొకరి కారు తీయవలెను. 1988 మోటారు వాహనముల చట్టము ప్రకారము బాడుగకు మనుష్యులను ఎక్కించు బండికి పర్మిటు ఉండవలెను. సొంత కారుకు అది ఉండదు. కావున ఖర్చు పంచుకొనుట వేరు, లాభమునకు నడపుట వేరు. ఫోను ద్వారా ప్రయాణికులను కలుపు సంస్థల విషయమై కేంద్ర ప్రభుత్వము 2020 నవంబరులో వెలువరించిన మార్గదర్శకములు, రాష్ట్రము నిషేధింపనిచో సొంతకార్ల ఉమ్మడి ప్రయాణమునకు పరిమితముగా అవకాశము చూపినవి.

పెరికె బిడారు మనకు వేళను నేర్పినది. పాస్కల్ బండి అందరికి చోటు ఉండవలెనని నేర్పినది. యుద్ధకాలపు కారు ఖర్చును పంచుకొనుట నేర్పినది. పొందుగుల బాట హద్దును నేర్పినది. ఈ నాలుగు పాఠములు కూడినచో రేపు తెల్లవారుజామున గుంటూరు బాట మీద పోవు కార్లు కొన్ని తగ్గును; కూలికి పోయిన తల్లి సాయంకాలమునకు క్షేమముగా ఇల్లు చేరును.