బావినీటిలోని సున్నపురాయి

పప్పు ఉడకనిచో వండినవారిని తప్పుపట్టుట మన యిండ్లలో పాత అలవాటు. నేరము తరచుగా బావిది. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని దేవాపూరులో, కరీంనగరు జిల్లాలోని బసంతనగరులో సిమెంటు కర్మాగారములు వెలయుటకు కారణమైన సున్నపురాయియే అచ్చటి బావినీటిని కఠినజలముగా చేయును. వాననీరు నేలలోని బొగ్గుపులుసుగాలిని చేర్చుకొని ఆ రాతిని మెల్లగా కరగించును. కరిగిన కాల్షియము పప్పులోని పెక్టినుతో కలిసి గింజను బిరుసెక్కించును. సబ్బుతో కలిసి నురుగునకు మారు తెట్టు కట్టును. కుంకుడుకాయకు మాత్రము ఈ బాధ లేదు. మన పెద్దలు దానిని విడువకుండుట ఊరక కాదు!

ఈ గుట్టు లండనులోని ఒక పంపునీటివలన బయటపడినది. రాతిని నీటిలో నిలిపియుంచునది ఆ గాలియేనని 1767లో హెన్రీ కావెండిషు చూపెను. గాలి పోయినచో రాయి దిగును. 1841లో స్కాట్లండుకు చెందిన థామస్ క్లార్కు సున్నము పోయుటకు సున్నమునే కలుపు పద్ధతికి పేటెంటు పొందెను. వింతగా తోచును గాని, కలిపిన సున్నము ఆ గాలిని పట్టుకొనగా రెండును అడుగంటును.

2016లో ఆరంభమైన మిషన్ భగీరథ నదీజలమును ఊళ్లకు తెచ్చినది; అయినను బావులు పోలేదు. అట్టి నీటిని అరగంట మరిగించి తేర్చుడు. సల్ఫేటుల కాఠిన్యము దీనికి లొంగదు. అడుగున దిగిన తెల్లని పొడిపై నిమ్మరసము పిండుడు. బుసబుస పొంగునది కావెండిషు పట్టిన గాలియే.