వీలునామాలో ఎగ్జిక్యూటర్‌గా మీ పేరుందా? ముందు అప్పులు, ఆ తర్వాతే పంపకాలు

వీలునామా రాసిన వ్యక్తి మరణించాక అందులోని కోరికలను నెరవేర్చే బాధ్యత ఎవరికి అప్పగించారో వారే ఎగ్జిక్యూటర్. సాధారణంగా పెద్ద కుమారుడినో, అల్లుడినో, నమ్మకస్తుడైన మిత్రుడినో నియమిస్తారు. చాలా కుటుంబాలు దీన్ని ఒక గౌరవంగా భావిస్తాయి. చట్టం దృష్టిలో మాత్రం ఇది జవాబుదారీతనంతో కూడిన పని. అప్పులవాళ్లకు చెల్లించకుండా వారసులకు ఆస్తి పంచేసిన ఎగ్జిక్యూటర్ ఆ నష్టాన్ని సొంత డబ్బుతో పూడ్చవలసి రావచ్చు.

ఈ వ్యవహారాలకు మన దేశంలో ప్రధాన ఆధారం 1925 నాటి భారత వారసత్వ చట్టం. ఎగ్జిక్యూటర్ విధులు, ప్రొబేట్ విధానం, చెల్లింపుల వరుసక్రమం అన్నీ అందులోనే ఉన్నాయి.

ప్రొబేట్ అంటే ఏమిటి?

వీలునామా నిజమైనదేనని నిర్ధారించుకున్న న్యాయస్థానం, దాని ప్రతిపై తన ముద్ర వేసి, ఆస్తి నిర్వహణ అధికారంతో సహా ఎగ్జిక్యూటర్‌కు అందజేసే పత్రమే ప్రొబేట్. వీలునామాలో ఎగ్జిక్యూటర్‌గా నియమితులైన వారికి మాత్రమే దీన్ని మంజూరు చేస్తారు. ఎగ్జిక్యూటర్ పేరు లేకపోయినా, ఆ వ్యక్తి ముందే మరణించినా, బాధ్యత వద్దన్నా, వీలునామాను జతచేసి ఇచ్చే నిర్వహణాధికార పత్రాన్ని లబ్ధిదారులు కోరవచ్చు. వీలునామాయే లేనప్పుడు ప్రొబేట్ అన్న ప్రశ్న తలెత్తదు. అలాంటప్పుడు బాకీలు, షేర్లు, బ్యాంకు నిల్వల కోసం వారసత్వ ధ్రువపత్రం తీసుకోవలసి ఉంటుంది.

ప్రొబేట్ కోర్టు తేల్చేది వీలునామా ప్రామాణికతను మాత్రమే. ఆ ఇల్లు నిజంగా మరణించిన వ్యక్తిదేనా, ఆ పొలం ఉమ్మడి కుటుంబానిదా అన్న యాజమాన్య వివాదాలు ఆ కోర్టు పరిధిలోకి రావని సుప్రీంకోర్టు 1993లో స్పష్టం చేసింది. వాటికి విడిగా సివిల్ దావా వేసుకోవాలి.

ప్రొబేట్ తప్పనిసరా?

హిందువుల వీలునామాలకు సంబంధించి ఈ నిబంధన 1870 నాటి హిందూ వీలునామాల చట్టం నుంచి వచ్చింది. నాటి బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నర్ పాలనలోని ప్రాంతాలకు, మద్రాసు, బొంబాయి నగరాలకు మాత్రమే అది వర్తించేది. 1925 చట్టంలోని 213వ సెక్షన్ కూడా అదే పరిధిని కొనసాగించింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాజధానిలో భాగమే అయినా మద్రాసు నగర పరిధికి వెలుపల ఉన్నాయి. హైదరాబాద్ నిజాం పాలనలో ఉండేది. అందుకే తెలుగు జిల్లాల్లోని ఆస్తులపై అక్కడే రాసిన హిందువుల వీలునామాలకు ప్రొబేట్ నిర్బంధం లేదు. చెన్నైలో ఇల్లున్న తెలుగు కుటుంబాలకు మాత్రం ఈ నిబంధన ఎదురయ్యేది.

2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన రద్దు, సవరణల చట్టం 213వ సెక్షన్‌ను తొలగించింది. దీనితో నిర్బంధం పోయిందే తప్ప ప్రొబేట్ కోరే అవకాశం పోలేదు. వారసుల్లో ఎవరైనా వీలునామాను శంకిస్తున్నప్పుడు, ఆస్తులు పలు రాష్ట్రాల్లో ఉన్నప్పుడు, కొనుగోలుదారు గట్టి ఆధారం అడుగుతున్నప్పుడు ప్రొబేట్ తీసుకోవడమే క్షేమం.

వీలునామాను రిజిస్టర్ చేయించాం కనుక ఇక రుజువు అక్కరలేదనుకోవడం పొరపాటు. వీలునామా రిజిస్ట్రేషన్ ఐచ్ఛికం. రిజిస్టర్ అయినదాన్ని కూడా కోర్టులో రుజువు చేయాలంటే, సంతకం చేసిన సాక్షుల్లో బతికి ఉండి, సాక్ష్యం చెప్పగల ఒక్కరినైనా విచారించాలి.

మొదటి వారాల్లో చేయవలసినవి

వీలునామా అసలు ప్రతిని భద్రపరచడం మొదటి పని. మరణ ధ్రువపత్రం ప్రతులు తగినన్ని తీసుకోవాలి. ఇంటి పత్రాలు, పట్టాదారు పాసుపుస్తకాలు, డిపాజిట్ రసీదులు, బీమా పాలసీలు, తాకట్టు చీటీలు, ప్రామిసరీ నోట్లు ఒకచోట చేర్చి జాబితా రాసుకోవాలి. రావలసిన బాకీలు, తీర్చవలసిన అప్పులు వేర్వేరుగా నమోదు చేయాలి.

మరణించిన వ్యక్తి ఏటీఎం కార్డుతోనో, ఫోన్‌లోని చెల్లింపు యాప్‌తోనో డబ్బు తీయకూడదు. మరణ సమాచారం బ్యాంకుకు తెలిపి, చట్టబద్ధంగా క్లెయిం చేయాలి. అధికారం లేకుండా మృతుని ఆస్తిలో జోక్యం చేసుకున్న వారిని, తీసుకున్న మేరకు చట్టం జవాబుదారులను చేస్తుంది. అయితే ఆస్తిని కాపాడటానికి, అంత్యక్రియలకు, కుటుంబ తక్షణావసరాలకు చేసిన పనులకు ఇది వర్తించదు.

బాధ్యత మోయలేమనుకునేవారు పనిలో దిగకముందే ఆ మాట చెప్పాలి. న్యాయమూర్తి ఎదుట మౌఖికంగా గానీ, సంతకం చేసిన లేఖ ద్వారా గానీ ఎగ్జిక్యూటర్ పదవిని వదులుకోవచ్చు. అలా వదులుకున్నాక తిరిగి ప్రొబేట్ కోరడానికి వీలుండదు.

దరఖాస్తు ఎలా?

మరణించిన వ్యక్తి నివాసం గానీ, ఆస్తి గానీ ఉన్న ప్రాంతంలోని జిల్లా కోర్టులో పిటిషన్ వేయాలి. మరణించిన తేదీ, ఇదే చివరి వీలునామా అన్న ప్రకటన, అది సక్రమంగా రాసి సంతకం చేసినదన్న వివరం, చేతికి రాగల ఆస్తి విలువ, పిటిషనరే ఎగ్జిక్యూటర్ అన్న సంగతి అందులో ఉండాలి. వీలునామాను జతచేయాలి. సాక్షుల్లో అందుబాటులో ఉన్న ఒక్కరైనా పిటిషన్‌ను ధ్రువీకరించాలి. మరణించిన 7 రోజులు గడిచేదాకా ప్రొబేట్ మంజూరు చేయరు.

న్యాయస్థానం దగ్గరి బంధువులకు నోటీసులు పంపుతుంది. పత్రికల్లో ప్రకటన కూడా ఇప్పించవచ్చు. ఎవరైనా అభ్యంతరం చెబితే పిటిషన్ దావాగా మారి పూర్తిస్థాయి విచారణ జరుగుతుంది. వీలునామా చుట్టూ అనుమానాస్పద పరిస్థితులు ఉంటే వాటిని తొలగించే భారం, ఆ వీలునామాను ముందుకు తెచ్చినవారిదేనని సుప్రీంకోర్టు 1958లోనే చెప్పింది. వణికిన సంతకం, కారణం చెప్పకుండా భార్యాబిడ్డలను పక్కనపెట్టడం, లబ్ధిదారుడే దగ్గరుండి రాయించడం అలాంటివే.

కోర్టు ఫీజు ఆస్తి విలువను బట్టి, రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. దరఖాస్తుకు 3 ఏళ్ల కాలపరిమితి వర్తిస్తుందని 2008లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. ఆ గడువు మరణించిన నాటి నుంచే కాక, దరఖాస్తు చేయవలసిన అవసరం ఏర్పడిన నాటి నుంచి లెక్కకు వస్తుంది. అయినా ఆలస్యం పెరిగేకొద్దీ సాక్షులు దొరకరు, అనుమానాలు బలపడతాయి.

జిల్లా కోర్టు ఇచ్చిన ప్రొబేట్ సాధారణంగా ఆ రాష్ట్రం వరకే చెల్లుతుంది. హైకోర్టు మంజూరు చేసినది దేశమంతటా చెల్లుతుంది. విదేశంలో స్థిరపడిన తెలుగువారు అక్కడ రాసిన వీలునామాకు అక్కడి కోర్టు ప్రొబేట్ ఇచ్చి ఉంటే, దాని ధ్రువీకృత ప్రతి ఆధారంగా ఇక్కడి ఆస్తికి నిర్వహణాధికార పత్రం కోరవచ్చు.

చెల్లింపుల వరుస

ఎగ్జిక్యూటర్ నిజాయితీకి, జాగ్రత్తకు అసలు పరీక్ష ఇక్కడే. చట్టం నిర్దేశించిన క్రమం ఇది:

1. స్థితిగతులకు తగిన అంత్యక్రియల ఖర్చు, చివరి జబ్బుకైన వైద్య ఖర్చు, మరణానికి ముందు ఒక నెల భోజన వసతి ఖర్చు.
2. ప్రొబేట్ పొందడానికి, ఆస్తి నిర్వహణకు అవసరమైన కోర్టు ఖర్చులు.
3. మరణానికి ముందు 3 నెలల్లో పనిచేసిన కూలీలు, చేతివృత్తులవారు, ఇంటి పనివారి వేతన బకాయిలు.
4. మిగిలిన అప్పులు. డబ్బు చాలకపోతే ఎవరికీ ఎక్కువ తక్కువలు లేకుండా దామాషాలో చెల్లించాలి. తాకట్టు ఉన్న అప్పుకు ఆ తాకట్టు హక్కు అలాగే ఉంటుంది.
5. వీలునామాలో రాసిన పంపకాలు.

ఒక ఉదాహరణ చూద్దాం. విశ్రాంత ఉపాధ్యాయుడొకరు తన ఇంటిని కుమార్తెకు, రూ.3 లక్షలు మేనకోడలికి, రూ.2 లక్షలు ఊరి గ్రంథాలయానికి రాశారు. చేతికందిన నగదు రూ.9 లక్షలు. అంత్యక్రియలు, ఆసుపత్రి కలిపి రూ.1,80,000, కోర్టు ఖర్చులు రూ.70,000, వంటమనిషి 3 నెలల జీతం రూ.24,000, చేతిబదుళ్లు రూ.3,26,000. మొత్తం రూ.6 లక్షలు పోగా రూ.3 లక్షలే మిగిలాయి. మేనకోడలికి మొత్తం ఇచ్చి గ్రంథాలయానికి లేదనడానికి వీల్లేదు. 3:2 నిష్పత్తిలో మేనకోడలికి రూ.1,80,000, గ్రంథాలయానికి రూ.1,20,000 దక్కుతాయి. ప్రత్యేకంగా పేర్కొని ఇచ్చిన ఇల్లు మాత్రం కోత లేకుండా కుమార్తెకు చెందుతుంది.

ఇదే ఎగ్జిక్యూటర్ దినకర్మ నాడే బంధువుల ఒత్తిడికి లొంగి మేనకోడలికి, గ్రంథాలయానికి పూర్తి మొత్తాలు ఇచ్చేసి ఉంటే, ఆ తర్వాత వచ్చిన అప్పులవాళ్లకు ఆయనే సమాధానం చెప్పుకోవాలి. ఈ ఒత్తిడి నుంచి రక్షణగానే చట్టం ఒక వెసులుబాటు కల్పించింది. మరణించిన నాటి నుంచి ఏడాది గడిచేదాకా పంపకాలు చేయమని ఎగ్జిక్యూటర్‌ను నిర్బంధించలేరు. ఆలోగా ఆస్తిని సమకూర్చుకుని, అప్పులవాళ్లకు ప్రకటన ఇచ్చి, బాకీలు తేల్చుకోవాలి.

నామినీయే యజమాని కాదు

బ్యాంకు ఖాతాలో నామినీగా పేరున్నంత మాత్రాన ఆ సొమ్ము వారి సొంతం కాదు. దాన్ని స్వీకరించి హక్కుదారులకు చేర్చవలసిన వారే నామినీ. షేర్ల విషయంలోనూ ఇదే సూత్రం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో తీర్పు చెప్పింది. జీవిత బీమాలో మాత్రం 2015 సవరణ ప్రకారం తల్లిదండ్రులు, జీవిత భాగస్వామి, పిల్లలు నామినీలైతే వారికే హక్కు దక్కుతుంది.

వీలునామా రాసిన వ్యక్తికి లేని హక్కును ఎగ్జిక్యూటర్ ఎవరికీ ఇవ్వలేరు. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో హిందువు తన వాటాను మాత్రమే వీలునామాగా రాయగలరు. ముస్లింలు అంత్యక్రియల ఖర్చు, అప్పులు పోగా మిగిలినదానిలో మూడో వంతుకు మించి రాస్తే, సాధారణంగా వారసుల సమ్మతి అవసరమవుతుంది.

పొలాలు, ఇళ్ల విషయంలో రెవెన్యూ, మున్సిపల్ రికార్డుల్లో పేరు మార్పించుకోవాలి. పాసుపుస్తకంలో పేరెక్కడం ఒక్కటే యాజమాన్యానికి తుది రుజువు కాదు. వీలునామాపై వివాదముంటే తేల్చవలసింది సివిల్ కోర్టే.

లెక్క చెప్పడంతోనే పని ముగింపు

ప్రొబేట్ వచ్చిన 6 నెలల్లో ఆస్తి అప్పుల జాబితాను, ఏడాదిలోగా జమాఖర్చులను కోర్టుకు సమర్పించాలి. అవసరమైతే కోర్టు గడువు పొడిగించవచ్చు. కారణం లేకుండా ఈ పని మానేస్తే ప్రొబేట్‌ను రద్దుచేసే ప్రమాదముంది. మృతుని ఆస్తిని ఎగ్జిక్యూటర్ తానే కొంటే, ఆ అమ్మకాన్ని రద్దు చేయించే హక్కు ఇతర హక్కుదారులకు ఉంటుంది.

దేశంలో ఎస్టేట్ డ్యూటీ 1985లోనే రద్దయింది. వారసత్వంగా వచ్చిన ఆస్తిపై పన్ను లేదు. అయితే మరణించిన తేదీ వరకు వచ్చిన ఆదాయానికి చట్టబద్ధ ప్రతినిధి రిటర్ను దాఖలు చేయాలి. ఆ తర్వాత పంపకం పూర్తయ్యేదాకా ఆస్తిపై వచ్చే అద్దె, వడ్డీలకు ఎగ్జిక్యూటరే విడిగా లెక్క చూపాలి.

అందుకే మృతుని డబ్బును సొంత ఖాతాలో కలపకుండా వేరే ఖాతాలో ఉంచడం, ప్రతి చెల్లింపుకూ రసీదు తీసుకోవడం, వాటా అందుకున్న ప్రతి ఒక్కరితో సంతకం చేయించుకోవడం ఎగ్జిక్యూటర్‌కు అసలైన రక్షణ. కుటుంబంలో మాటలు ఎన్ని మారినా, కోర్టులో నిలబడేది కాగితం మీది లెక్కే.