‘జ్ఞా’ : సంయుక్తాక్షరం నుంచి భద్రతాలోపం దాకా

తెనాలికి చెందిన చక్రపాణి, నాగిరెడ్డితో కలిసి 1947 జూలైలో మద్రాసు నుంచి ‘చందమామ’ను ప్రారంభించిన నాటికి తెలుగు అక్షరమంటే సీసపు దిమ్మ. అది విరిగితే చెడేది ఆ పుట మాత్రమే. 1991 అక్టోబరులో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలో తెలుగు వర్ణాలకు సంకేతసంఖ్యలు ఏర్పడ్డాయి. అప్పటినుంచి సంయుక్తాక్షరం సంఖ్యల వరుసగా నిలువ ఉంటుంది. దానికి రూపం కట్టే పని యంత్రానిది.

ఈ మార్పులో దాగిన ప్రమాదం 2018 ఫిబ్రవరిలో బయటపడింది. జకారం, పొల్లు, ఞకారం, కంటికి కనిపించని విభజన సంకేతం, ఆపైన ఆకారపు గుణింతం అనే ఐదు సంకేతాల వరుస ఐఓఎస్ 11.2.5 గల ఐఫోన్లలో సందేశాల యాప్‌లను స్తంభింపజేసింది. విభజన సంకేతం లేకుండా మామూలుగా రాసిన ‘జ్ఞానం’ వల్ల ఏ హానీ కలగలేదు. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న 11.2.6 ద్వారా దీన్ని సవరించింది. అక్షరాలను కూర్చే ‘కోర్‌టెక్స్ట్’ భాగంలోని మెమరీ దోషంగా దీనిని గుర్తించి, సీవీఈ-2018-4124 సంఖ్యతో నమోదు చేశారు.

వార్తలు దీనిని ‘తెలుగు అక్షర’ దోషంగా ప్రచారం చేశాయి. బెంగాలీ, దేవనాగరి లిపుల్లోని కొన్ని వరుసలూ ఇదే ఫలితాన్నిచ్చాయి కనుక, దోషం లిపిది కాదు, దాన్ని తగినంత పరీక్షించని సాఫ్ట్‌వేర్‌ది. భారతీయ లిపులను పరీక్షించని వ్యవస్థను సురక్షితమని ధ్రువీకరించలేము. తెలుగు, కంప్యూటర్ శాస్త్ర శాఖలు ఉమ్మడిగా చేపట్టవలసిన పరిశోధన ఇది.